మా బరంపురంలో ఒపేరా అంటే

నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా ఒపేరా లారీలో వస్తుందనుకునేదాన్ని. నిజంగా లారీలోనే వచ్చేది మరి. దసరా వెళ్లి చలి మొదలయ్యాక ఊరి బయట మైదానంలో డేరా లేచేది. రిక్షాకు మైకు కట్టుకుని ఒరియాలో చెప్పుకుంటూ వీధివీధీ తిరిగేవాళ్లు. పోస్టర్ల మీద పెద్ద కళ్ల హీరోయిన్, మీసాల విలన్, వాళ్ల నెత్తిన పార్టీ పేరు, ఆ పేరు చివర 'ఒపేరా' అని. ఊరూరా తిరిగి నాటకాలాడే ఒరియా జాత్రా పార్టీల్లో చాలావాటికి ఆ తోక ఉండేది. మనకేమో జాతర అంటే అమ్మవారి పండగ. అదీ ఉంది మా ఊళ్లో. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే వేషాలతో బరంపురం ఊగిపోతుంది. ఈ జాతర, ఆ జాత్రా కలిసిపోకూడదని కాబోలు, మా ఇంట్లో నాటకాన్ని ఒపేరా అనే అనేవాళ్లు. "ఒపేరాకి ఎల్దుమేటి?" అని మా పెద్దత్త అడిగిందంటే రాత్రికి గోనెపట్టా, దుప్పటి, మరమరాల మూట సిద్ధం చేసుకోమని అర్థం.

స్టేజికి మూడు వైపులా జనం కూర్చునేవాళ్లు. వాద్యాల వాళ్లు స్టేజిని ఆనుకుని అటూ ఇటూ ఉండేవాళ్లు. నేను సగం కథకి నిద్రపోయేదాన్ని. ఎవరైనా చచ్చిపోయే సీను వస్తే అత్త తట్టి లేపేది. పెళ్లి సీనుకి మాత్రం లేపేది కాదు.

మాది నేత ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద ఎప్పుడూ సగం నేసిన పట్టుచీర ఉండేది. అంచుకి గుడిగోపురాల వరసలాంటి కుంభ డిజైన్, దాన్నే ఒరియావాళ్లు ఫొడా కుంభ అంటారు. మా తాత పగలు నేసేవాడు, రాత్రి పద్యం పాడేవాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బరంపురం అటు వెళ్లిపోయింది కదా, "ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారినోళ్లం మనం" అని నవ్వేవాడు. తెలుగు మాట్లాడే మా వీధుల్లో ఆయనకు కృష్ణుడిగా పేరు. రాయబారం సీనులో తాత పద్యం ఎత్తుకుంటే రెండో రాగానికే జనంలోంచి "వన్స్ మోర్" పడేది. ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు మా వీధిలో చదువురాని వాళ్లకీ వచ్చు.

మా పెద్దత్త అంటే నాన్నకు అక్క. మావయ్య పోయాక మా బావను తీసుకుని పుట్టింటికే వచ్చేసింది. చిన్నప్పుడు ఒక మాస్టారి దగ్గర కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకుంది. మా ఇంట్లో రిహార్సల్ జరిగితే హార్మోనియం ఆవిడదే. రిహార్సల్ వరకే. నాటకం రోజు స్టేజి మీదకి బయటి నుంచి హార్మోనిస్టుని డబ్బిచ్చి తెచ్చుకునేవాళ్లు. ఆడమనిషి స్టేజి పక్కన కూర్చుంటే బాగోదట. "తప్పు పాడితే సర్దడానికి నేను కావాలి, చప్పట్లకి ఆడు కావాలి" అనేది. నాటకాల మీద అత్త చెప్పే తీర్పుల్లో కాస్త కారం ఉంటుంది. అది అక్కడిదే.

ఇక బ్యాలే, అంటే మాటా పాటా లేకుండా డాన్సుతోనే కథ చెప్పే యూరప్ ఆట, మా ఇంటికి లెక్కల పుస్తకం అట్టగా వచ్చింది.

ఆ రోజుల్లో చదువుకున్న వాళ్ల ఇళ్లలో 'సోవియట్ భూమి' పత్రిక ఉండేది. చదివేది ఎందరో తెలీదు కానీ పుస్తకాలకి అట్టలు వేయడానికి అంతకు మించిన కాగితం లేదు. మందంగా, నున్నగా ఉంటుంది, తడిసినా చిరగదు. జూన్ వచ్చిందంటే పక్కింటి మాస్టారి దగ్గర పాత సంచికల కోసం పిల్లలం క్యూ కట్టేవాళ్లం. నాకు ఆ ఏడాది ఒక డాన్సరు బొమ్మ దొరికింది. తెల్లటి ఈకల గౌను, చేతులు రెండూ రెక్కల్లా వెనక్కి, ఒక్క బొటనవేలి కొస మీద నిలబడి ఉంది. నిలబడింది అనడం కూడా తప్పే, నేలకి ఆనించి వదిలేసినట్టు ఉంది.

దాన్ని ముందు అట్టకి వచ్చేలా మడిచి వేసుకుని బడికి వెళ్తే ఒక మాస్టారు చూసి, కాళ్లు కనబడే బొమ్మేంటి, తిప్పి వేసుకో అన్నారు. తిప్పితే వెనక ట్రాక్టరు ఉంది. ఏడాదంతా నా లెక్కల పుస్తకం పైన ట్రాక్టరు, లోపల డాన్సరు. క్లాసు బోరు కొట్టినప్పుడు అట్ట కొంచెం ఎత్తి చూసుకునేదాన్ని.

ఆ బొమ్మ తాతకి చూపించాను. మగ్గం ఆపి, కళ్లజోడు పైకి తోసి, చాలాసేపు చూశాడు. ముఖం చూడలేదు, బూటు చూశాడు.

"కర్ర ముక్క ఉంటాది లోపల. లేకపోతే నిలబడదు."

"కర్రుంటే చప్పుడవదా? అంత మెత్తగా ఆడతారంట" అంది అత్త.

"కాలు ఇరిగిపోదేటి ఆ గుంటకి?" అంది మా అమ్మ.

కర్ర ఉండదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ బూటు కొసలో ఉండేది గుడ్డ, కాగితం పొరలు. ఒకదాని మీద ఒకటి జిగురు పెట్టి, ఆరబెట్టి గట్టిపరుస్తారు. అడుగున గట్టి అట్టో తోలో ఉంటుంది, పైన శాటిన్. చెమట తగిలితే ఆ జిగురు మెత్తబడిపోతుంది. పెద్ద వేషం వేసే డాన్సరుకి ఒక్కోసారి ఒక ఆటతోనే ఒక జత అయిపోతుంది. కొత్త జతని తలుపు సందులో పెట్టి నొక్కి, నేలకేసి కొట్టి, సూదీ దారంతో కుట్టి తన పాదానికి తగ్గట్టు ఎవరికి వాళ్లే చేసుకుంటారు. గుడ్డకి గంజి పెట్టి బిగించే పనే ఇది. తాత ఉంటే "మన పనేనేటి!" అనేవాడు.

1987 నవంబరులో మన దేశంలో సోవియట్ ఉత్సవాలు మొదలయ్యాయి. ఆ చలికాలమో తర్వాతి చలికాలమో, ఒక రాత్రి మాస్టారింట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలో బ్యాలే వేశారు, చైకోవ్‌స్కీ 'హంసల సరస్సు'. వీధిలో రెండు టీవీలే ఉండేవి కాబట్టి ఏం వేసినా పది మంది చేరేవాళ్లు. పాట లేదు, మాట లేదు అని సగం మంది లేచి వెళ్లిపోయారు. తాత, అత్త, నేను, మాస్టారు మిగిలాం.

కథ మాస్టారు చెప్పారు. మాంత్రికుడు రాజకుమారిని హంసగా మార్చాడు. రాజకుమారుడు ఆమెకి మాట ఇచ్చాడు. మాంత్రికుడు అచ్చం ఆమెలాగే ఉన్న తన కూతుర్ని విందుకి తీసుకొచ్చాడు, కుర్రాడు మోసపోయాడు. తెల్ల హంసా నల్ల హంసా, రెండు వేషాలూ ఒకే డాన్సరు వేస్తుందని చెప్పగానే తాతకి ఉత్సాహం వచ్చింది. "డబుల్ యాక్షనా!" అని ముందుకు జరిగి కూర్చున్నాడు.

మూడో అంకంలో విందు. నల్ల హంస వచ్చింది. తెల్ల హంసలో చేతులు నీళ్లలా ఉండేవి, ఇదేమో చేతుల్ని కత్తుల్లా పెట్టింది. అదే మనిషి అని నమ్మబుద్ధి కాలేదు. ఉన్నట్టుండి ఒక కాలి వేలి మీద నిలబడి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. రెండో కాలు కొరడాలా గాల్లో విసురుతోంది, ప్రతి చుట్టుకీ మడమ ఒక్క క్షణం నేలకి దిగి మళ్లీ లేస్తోంది. తల మాత్రం ఒంటితో తిరగడం లేదు, చివరిదాకా మనవైపే ఉండి చటుక్కున తిరిగి మళ్లీ మనవైపే వచ్చేస్తోంది.

"నూటెనిమిది తిరుగుతాది" అన్నాడు తాత.

"నలభై దాటదు" అంది అత్త. జపానికి లెక్కపెట్టినట్టు బొటనవేలు కణుపుల మీద వేసి లెక్క మొదలెట్టింది. నాలుగు వేళ్లకి పన్నెండు కణుపులు. పదకొండో కణుపు మీద వేలుంది, కరెంటు పోయింది.

ఆ చీకట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కరెంటు వచ్చేసరికి టీవీలో వార్తలు వస్తున్నాయి. ఆ పిల్ల ఎన్ని చుట్లు తిరిగిందన్నది మా ఇంట్లో తేలని పందెంగా మిగిలిపోయింది. చాలా రోజులు, అన్నం దగ్గర కూడా, "పదకొండు చూసేం కదా, అంత నిబ్బరంగా ఉందంటే ఇంకా ఉంటాది" అని తాత, "ఊపిరి అనేదొకటి ఉంటాది కదా" అని అత్త.

ఆ ఆటకి నాలాంటి చరిత్రే ఉందని తర్వాత చదివాను, మొదట అట్ట తిరగేసి వేసుకున్న చరిత్ర. 1877లో మాస్కోలో బోల్షోయ్ థియేటర్‌లో మొదటిసారి వేస్తే జనానికి పెద్దగా ఎక్కలేదు. చైకోవ్‌స్కీ 1893లో పోయాడు. పోయాక, 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెతిపా, ఇవనోవ్ అనే ఇద్దరు డాన్సుని కొత్తగా కూర్చి వేస్తే అప్పుడు నిలబడింది. ఆ చుట్లు కూడా అప్పుడే వచ్చి చేరాయి, పియెరీనా లెన్యాని అనే ఇటాలియన్ డాన్సరు తిరగగలిగేది కాబట్టి. తరవాతి వాళ్లందరికీ అదొక పరీక్షయింది. ఒకరి గొంతుకి కుదిరిందని పద్యంలో ఒక సంగతి చేరిస్తే, ఆ తర్వాత వచ్చిన కృష్ణుళ్లందరూ దాన్ని అందుకోలేక అవస్థ పడటం మాకు తెలియనిదా.

1991 ఆగస్టులో మాస్కోలో కుట్ర జరిగినప్పుడు అక్కడి టీవీలో వార్తలు ఆపేసి ఇదే బ్యాలేని మళ్లీ మళ్లీ వేశారు. వీధుల్లో ట్యాంకులు, టీవీలో హంసలు. పేపర్లో చదివి మాస్టారు మౌనంగా ఉండిపోయారు. ఆ ఏడాది చివరికి సోవియట్ యూనియనే లేదు. మా వీధి పిల్లల పుస్తకాలకి మళ్లీ న్యూస్‌పేపర్ అట్టలు వచ్చాయి. 1994లో తాత పోయాడు.

నాకు ఉద్యోగం భువనేశ్వర్‌లో. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్నాక నేను మొదట వెతికిన వాటిలో ఆ మూడో అంకం ఒకటి. కణుపుల మీద వేలు వేసి కూర్చున్నాను. పదకొండు దగ్గరికి వచ్చేసరికి చేయి సన్నగా వణికింది, కరెంటు పోతుందేమోనని. పోలేదు. వేళ్ల మీద రెండు చుట్లు పూర్తయి ఎనిమిది కణుపులు. ముప్పై రెండు. వెంటనే బరంపురం ఫోన్ చేశాను.

"అత్తా, ముప్పై రెండు."

"ఏటి ముప్పై రెండు?"

"హంస."

అటు కాసేపు ఏమీ లేదు. "నలభై దాటదన్నానా లేదా" అంది. తర్వాత గొంతు మార్చి, "మీ తాత ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కరెంటోడు తినేసేడు మిగతావి అనేవాడు" అంది.

అప్పట్లో దొరికినవన్నీ చూశాను, వరసా వావీ లేకుండా. వాటిలో ఒకదాని గురించి చెప్పాలి. 'లా బయదేర్' అని, ఇదీ 1877దే, పెతిపాదే, సంగీతం మింకుస్. నాయిక నికియా మన దేశపు దేవదాసి. ఆమె ప్రియుడు సోలోర్ అనే యోధుడు, అడ్డు వచ్చే రాకుమారి గమ్‌జాత్తి. పూలబుట్టలో పాముని పెట్టి నికియాని చంపిస్తారు. రష్యాలో కూర్చుని ఊహించుకున్న భారతదేశం అది. ఆ పేర్లు ఏ భాషవో దేవుడికి తెలియాలి. గుడి పూజారి నడక, ఫకీర్ల గెంతులు చూస్తే నవ్వొచ్చింది. నిజం దేవదాసీలు వాళ్లకి తెలియక కాదు, అసలు నర్తకీమణులు 1838లోనే పాండిచ్చేరి దగ్గర్నుంచి ఓడెక్కి పారిస్ వెళ్లి ఆడి వచ్చారు. అక్కడి కవి గోతియే వాళ్ల గురించి మురిసిపోయి రాశాడు. చూశారు, మురిశారు, తర్వాత తమకు నచ్చినట్టు తాము కట్టుకున్నారు.

అయితే నవ్వుకుంటూ చూస్తున్నదాన్ని ఒక చోట ఆగిపోయాను. సోలోర్ నల్లమందు మత్తులో చనిపోయిన నికియాని చూస్తాడు. స్టేజి వెనక నుంచి ఏటవాలు మీదుగా తెల్లబట్టల్లో డాన్సర్లు ఒక్కొక్కరే దిగుతారు. ఒక అడుగు, ఒక వంపు, వెనక్కి ఎత్తిన కాలు, మళ్లీ ఒక అడుగు. ఒకరి వెనక ఒకరు, అందరూ అదే చేస్తూ, స్టేజి నిండేదాకా. ఏ విద్యా చూపించరు, ఏ తొందరా లేదు. చూస్తుంటే ఊపిరి నెమ్మదిస్తుంది.

నాకు అక్కడ ప్రహ్లాద నాటకం గుర్తొచ్చింది. మా గంజాం జిల్లా పల్లెల్లో ఆడతారు. పుట్టింది జలంతర సంస్థానంలో, ఇప్పుడది శ్రీకాకుళం వైపు సోంపేట దగ్గర. రాసింది అక్కడి రాజు రామకృష్ణ ఛోటరాయ్ అని పేరు, పందొమ్మిదో శతాబ్దం. ఒరియాలో సంస్కృతం, తెలుగు ముక్కలు కలుస్తాయి, రాగాల్లో సగం మనవే. అసలు సరిహద్దు ఎక్కడుందో ఆ నాటకం వింటే తెలియదు. దానికి స్టేజి ఒక ఎత్తయిన మెట్ల వేదిక. హిరణ్యకశిపుడు పైన సింహాసనం నుంచి ఒక్కో మెట్టూ అడుగులేస్తూ, గజ్జెలు మోగిస్తూ దిగుతాడు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, ఆ రాజు పొగరంతా ఆ మెట్ల మీదే ఉంటుంది. తెల్లవారుజామున నరసింహ ముఖం తొడుక్కున్న మనిషికి పూనకం వస్తే నలుగురు పట్టుకోవాల్సి వస్తుంది. చిన్నప్పుడు తాత భుజం మీద కూర్చుని చూశాను. ముఖవీణ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మెట్లు దిగడం ఒక్కటే చాలు, మనిషిని కూర్చోబెట్టేయడానికి. ఆ సంగతి జలంతర రాజుకీ తెలుసు, పెతిపాకీ తెలుసు.

2017 వానాకాలంలో బావ మమ్మల్ని ముంబై రమ్మన్నాడు. వచ్చినవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి కదా, టిక్కెట్లు తెచ్చాడు. చర్నీ రోడ్డు దగ్గర రాయల్ ఒపేరా హౌస్. అసలైన ఒపేరా, కథంతా పాడుతూ ఆడే పాశ్చాత్య సంగీత నాటకం, అసలైన ఒపేరా హౌస్‌లో. "లారీ ఎక్కడ ఆపుతారో" అన్నాను. బావకి అర్థం కాలేదు, అత్త మాత్రం వాన చప్పుడులో కూడా నవ్వింది.

ఆ భవనానిదీ పెద్ద కథే. 1911లో అయిదో జార్జి చేత ప్రారంభం చేయించారు, అప్పటికి పని ఇంకా పూర్తే కాలేదు. బాల గంధర్వ లాంటి మహా గాయకులు పాడిన చోటు. తర్వాత సినిమా హాలయింది. 1993లో మూతపడి, బాగుచేయించుకుని 2016 అక్టోబరులో మళ్లీ తెరుచుకుంది. లోపలికి వెళ్లగానే అత్త పైకి, బాల్కనీల వైపు, గిల్టు పూల వైపు చూసి, "జరీ బాగా పెట్టేరు" అంది.

ఆట చిమరోజా రాసిన 'ఇల్ మాత్రిమోనియో సెగ్రెతో', అంటే రహస్య వివాహం. లోకల్ ట్రైన్‌లో అత్తకి కథ చెప్పేశాను. బొలోన్యాలో జెరోనిమో అనే ధనిక వ్యాపారి, చెవులు సరిగా వినపడవు. చిన్నకూతురు ఇంటి గుమాస్తాని రహస్యంగా పెళ్లి చేసుకుంది. పెద్దకూతురికి జమీందారీ సంబంధం తెస్తే పెళ్లికొడుకు చిన్నదాని మీద మనసుపడ్డాడు. ఇంట్లో విధవ మేనత్త ఒకావిడ ఉంది, ఆవిడకేమో ఆ గుమాస్తా మీదే కన్ను.

"మేనత్తని కామెడీ చేసేస్తారు ఏ దేశంలోనైనా" అంది అత్త.

ఇంకో ముక్క కూడా చెప్పాను. 1792లో వియన్నాలో మొదటిసారి ఇది ఆడినప్పుడు లియోపోల్డ్ చక్రవర్తి చూసి ఎంత మెచ్చుకున్నాడంటే, అందరికీ భోజనాలు పెట్టించి, తిన్నాక అదే రాత్రి మొత్తం ఆటని మళ్లీ ఆడించుకున్నాడు. అత్త రైలు కిటికీ కమ్మీ పట్టుకుని ఆలోచించింది.

"మొత్తం వన్స్ మోరా?"

"మొత్తం."

"భోజనం పెట్టి మరీనా?" మళ్లీ ఆగి, "మీ తాతకి టీ కూడా పోసేవాళ్లు కాదు" అంది.

ఆటలో నాకు గుర్తుండిపోయింది ముగ్గురు ఆడవాళ్ల పాట. అక్కాచెల్లెళ్లు కీచులాడుకుంటారు, చెల్లెలు వెటకారంగా వంగి దండాలు పెడుతుంది, మేనత్త మధ్యలో దూరి సర్దబోతుంది. ముగ్గురూ ఒకేసారి, ఎవరి మాట వాళ్లు. ఒరియా జాత్రాలో గానీ మన పద్యనాటకంలో గానీ ఒకరు పాడితే ఒకరు ఆగాల్సిందే. ఇక్కడ ఆగరు. మొదట్లో చెవికి గందరగోళంగా ఉండి, ఒక్క నిమిషంలో విడివిడిగా వినబడటం మొదలైంది. అక్క రాగం ఒక దారి, చెల్లెలిది ఒక దారి, అత్తది ఒక దారి, మూడూ ఢీకొట్టుకోకుండా పోతున్నాయి.

అత్త నా చెవి దగ్గరికి వంగింది. "మన కుళాయి దగ్గర తగువే. కాకపోతే ముగ్గురి మాటా వినపడతంది."

ఒపేరా మీద నేను చదివిన దేంట్లోనూ ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

పాట అయ్యాక చప్పట్లు మోగాయి. అత్త నోరు తెరవబోయి నా వైపు చూసింది.

"ఇక్కడ అనకూడదేటి?"

"అనకూడదత్తా."

"మరి ఆళ్లకెలా తెలుస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. తోస్కనీని అనే పెద్ద కండక్టరు ఈ మళ్లీ పాడించుకునే అలవాటు మీద కత్తి కట్టాడని, మిలాన్‌లో లా స్కాలాలో 1933 తర్వాత 2007 దాకా ఒంటరిగా పాడే గాయకులెవరినీ వన్స్ మోర్ పాడనివ్వలేదని, ఆ ఏడాది ఫ్లోరెస్ అనే గాయకుడు ఒక పాట మళ్లీ పాడి ఆ కట్టు తెంచాడని తర్వాత చెప్పాను. "డెబ్బై ఏళ్లు నోరు మూసుకున్నారా పాపం జనం" అంది.

2020లో లాక్‌డౌన్. నేను బరంపురం వచ్చి ఇరుక్కుపోయాను. గంజాం జిల్లాలో కేసులు బాగా పెరిగిన ఎండాకాలం అది. వీధిలో మగ్గం చప్పుళ్లు లేవు, అంబులెన్స్ చప్పుడే. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్లు థియేటర్ మూసేసి, పాత రికార్డింగులు రోజుకొకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలెట్టారు. ఒక్కొక్కటి 23 గంటలు ఉంటుంది, తర్వాత తీసేస్తారు. అక్కడి సాయంత్రం ఏడున్నర అంటే మనకి తెల్లవారి 5 గంటలు. అత్త లేచే వేళ సరిగ్గా అదే. స్టవ్ మీద పాలు పెట్టి, లాప్‌టాప్ ముందు పీట వేసుకుని కూర్చునేది.

'లా బొహేమ్'లో మిమీ మొదటి అంకంలోనే దగ్గింది. "ఇది బతకదు" అంది అత్త. 'లా త్రవియాతా'లో వియొలెత్తా కూడా దగ్గింది. "దీనికీ అదేనా? మాస్కులు పెట్టుకోరేం ఈళ్లు?" ఆ రోజుల్లో ఎవరు దగ్గినా మాకు గుండె జారేది. క్షయతో చచ్చిపోతూ కూడా అంత పెద్ద గొంతుతో ఎలా పాడుతుందని ఎవరైనా అడుగుతారు. అత్త అడగలేదు. కత్తిపోటు తిన్న అభిమన్యుడు మూడు పద్యాలు పాడి పడిపోవడం చూసిన మనిషి.

ఒక రోజు 'సత్యాగ్రహ' పెట్టారు. ఫిలిప్ గ్లాస్ రాసింది, 1980లో రాటర్‌డామ్‌లో మొదటిసారి ఆడారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి రోజులు. ఒక్కో అంకానికి పైన ఒక్కొక్కరు సాక్షిగా ఉంటారు, టాల్‌స్టాయ్, టాగూర్, మార్టిన్ లూథర్ కింగ్. అందరూ పాడేది సంస్కృతం, మొత్తం భగవద్గీతే. ఈ సంగతి అత్తకి ముందు చెప్పలేదు.

తెర మీద కోటూ టై వేసుకున్న గాంధీ, రిచర్డ్ క్రాఫ్ట్ అనే గాయకుడు, నెమ్మదిగా ఎత్తుకున్నాడు. అత్త పాలగిన్నె వైపు చూస్తూ వింటోంది. కొంతసేపయ్యాక తల ఇటు తిప్పింది.

"యోత్స్యమానాన్... అంటన్నాడా?"

"ఏమో, విను."

"అవేక్షేఽహం! ఒసేయ్, ఇది గీతే! మొదటి అధ్యాయం!"

అంతలోనే గాభరా పడింది. "సౌండు తగ్గించు. ఈ రోజుల్లో తెల్లారగట్ల ఇంట్లోంచి గీత వినపడితే పక్కోళ్లు ఏటనుకుంటారు?" అన్నది. ఘంటసాల గీత ఎక్కడ మోగుతుందో, ఎందుకు మోగుతుందో తెలిసిన తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సౌండు తగ్గించాను.

ఒకే ముక్కని తిప్పి తిప్పి పాడతారు అందులో. విసుగొస్తుందనుకున్నాను. అత్తకి రాలేదు. స్టేజి మీద న్యూస్‌పేపర్లు ముద్దలు చేసి, అతికించి, మనిషికి రెండింతల బొమ్మలు లేపుతుంటే, "మీ పుస్తకాల అట్టల్లాగ" అంది. మూడో అంకం చివర గాంధీ ఒక్కడే మిగిలాడు. నాలుగో అధ్యాయం, బహూని మే వ్యతీతాని జన్మాని. స్వరాలు కింద నుంచి పైకి ఒక మెట్ల వరస, పైదాకా ఎక్కడం, మళ్లీ కింద నుంచి మొదలు. దిగడం లేదు, ఎక్కడమే. మూడోసారికి అత్త బొటనవేలు కణుపుల మీదకి వెళ్లింది. నాకు హంస రాత్రి గుర్తొచ్చి ఫ్యాన్ వైపు చూశాను. తిరుగుతోంది. వేలు ఒక చుట్టు దాటింది, రెండు దాటింది, మూడో చుట్టులో ఆరో కణుపు మీద ఆగింది.

"ముప్పై" అంది.

తర్వాత కాసేపు కళ్లు మూసుకుని, "శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం... తోడి రాగమే కదే ఇది" అంది.

"బాగుందా?"

"గొంతు బంగారం. కానీ గమకం లేకుండా తోడి ఏటి? గాంధారం అలా నిలబెట్టేస్తే ఎలా? అది ఊగాలి."

ఆ సాయంత్రం నేను గదిలో ఏదో పని చేసుకుంటున్నాను. వంటింట్లోంచి సన్నగా వినబడింది. అదే వరస, బహూని మే వ్యతీతాని, షడ్జం నుంచి పైకి. కానీ ప్రతి స్వరం మీదా ఆగి, ఊపి, గాంధారాన్ని ఎక్కడ వదలాలో అక్కడ వదిలి పాడుతోంది. మొత్తం సరిచేసేసింది. గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ, నా వైపు చూడకుండానే, "ఇలా" అంది.

"వన్స్ మోర్" అన్నాను.

మళ్లీ ఎత్తుకుంది. ముప్పై దాకా రానిచ్చేది కాబోలు, నాలుగోసారికి పాలు పొంగాయి.